వినిపించని డప్పు

ఆంగ్లోపన్యాసకుడిగా పదవీ విరమణ చేసినవాడికి పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌తో పనేమిటని మార్కాపురంలో చాలామందికి సందేహం. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఇంగ్లీషులో సుదీర్ఘమైన మాన్యువల్ ఉంది. దానిని మొదటి పుట నుంచి కడపటి పుట దాకా చదివినవాడు ఈ తాలూకాలో నేను గాక మరొకడు ఉంటాడని అనుకోను.

అందుచేతనే, కంభం దగ్గర మా స్వగ్రామంలో కొత్త చర్చి ప్రతిష్ఠకు పాట సిద్ధం చేసే బాధ్యతను సంఘంవారు నాకు అప్పగించారు. గాయక బృందం కీబోర్డు వాద్యంతో మా మేడ మీది గదికి వచ్చింది. వారితోపాటు మా పెదనాన్నగారి కుమారుడు పిచ్చయ్య డప్పు తీసుకొని వచ్చాడు. మా చర్చిలో ఏ పాటకైనా తాళం అతడిదే. వయసు మళ్లినా మిరప కోతలకు కూలికి వెళ్తాడు. ఊరంతా నన్ను శామ్యూల్ మాస్టారనగా, అతడొక్కడు మాత్రం నేటికీ సామేలూ అంటాడు.

డప్పు వాయించే ముందు తోలు బిగియడానికి మంటకు కాచాలి. పిచ్చయ్య మేడ మీదనే పాత పత్రికలు మండించి కాచి, బిగువు చూడటానికి గట్టిగా నాలుగు దెబ్బలు వేశాడు. మరుక్షణం ఎదురింటి వెంకటేశ్వర్లు గారి ఫోన్ వచ్చింది. ఆయనది ఎరువుల దుకాణం; మర్యాద తెలిసిన మనిషి.

"సార్, ఇంట్లో ఎవరన్నా పోయినారా? డప్పు ఇనపడితేనూ..."

ఎవరూ పోలేదనీ, అది చర్చి పాట అనీ చెప్పాను. ఆయన నొచ్చుకొని క్షమాపణ కోరారు. ఆ గొంతులో వెటకారం ఉంటే బాగుండేది. కోపగించుకొనే వీలైనా దొరికేది. మా తండ్రిగారూ, పిచ్చయ్య తండ్రిగారూ చుట్టుపక్కల ఊళ్లలో శవాల ముందు డప్పు కొట్టి బతికినవారు. మార్కాపురంలో ఈ వీధిలో ఇన్నేళ్లు కాపురం ఉండి ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. పైగా, ప్రతిష్ఠకు వెంకటేశ్వర్లు గారిని స్వయంగా ఆహ్వానించి ఉన్నాను.

రికార్డింగు చక్కగా జరిగింది. హెడ్‌ఫోన్స్‌లో తన డప్పు తానే విని పిచ్చయ్య మురిసిపోయాడు. ఆ మాట మా ఆవిడతో చెప్పుకొన్నాడు.

"హన్నమ్మా, నేను పోయినాక గూడా ఇది మోగతానే ఉంటాదంట."

"అయితే ఇప్పుడే పోబాక బావా. టిఫిను తిని పో."

వారంతా వెళ్లాక నేను పనిలో కూర్చున్నాను. డప్పును పూర్తిగా తీసివేస్తే పాట కుంటుపడుతుంది. బృందం పాడింది ఆ దెబ్బలను పట్టుకొనే. ఉంచితే వెంకటేశ్వర్లు గారి ప్రశ్న చెవిలో మోగుతోంది. అప్పుడు మాన్యువల్‌లోని ఎన్వలప్ ఫిల్టర్ అధ్యాయం గుర్తుకు వచ్చింది. ఒక ధ్వని ఎంత పెరిగితే అంతగా తెరుచుకొని, అది తగ్గగానే మూసుకొనే తలుపు వంటిది ఆ ఫిల్టర్. ఒకరి ధ్వనికి తలుపు పెట్టి, దానిని మరొకరి ధ్వనితో తెరిపించవచ్చు. నేను కీబోర్డు స్వరాలకు ఆ తలుపు పెట్టాను. తెరిచే పని పిచ్చయ్య డప్పుకు అప్పగించాను. ఆపై డప్పును మాత్రం స్పీకర్లకు చేరకుండా ఆపివేశాను. ఇప్పుడు దెబ్బ పడిన చోటల్లా కీబోర్డు విచ్చుకొని ముడుచుకొంటోంది. డప్పు వినపడదు.

ఇది నాకు న్యాయమైన పరిష్కారంగానే తోచింది. హన్న వచ్చి విని, బావ డప్పు ఏదని అడిగింది. లోపల ఉందన్నాను. లోపలంటే ఎక్కడని అడిగితే సవిస్తరంగా వివరించాను. అంతా విని కిందికి వెళ్లిపోయింది.

ప్రతిష్ఠనాడు షామియానా కింద లాప్‌టాప్ పెట్టుకొని పాటను నేనే వినిపించాను. పిచ్చయ్య తెల్ల చొక్కా తొడుక్కొని ముందు వరుసలో కూర్చున్నాడు. పాటలో తన డప్పు ఉందని పల్లె అంతటికీ చెప్పుకొన్నాడట. మొదటి చరణం దాకా నవ్వుతూనే ఉన్నాడు. రెండో చరణంలో చెవి ఒగ్గి విన్నాడు. మూడో చరణానికి చూపు నేలకు దించాడు.

పాట ముగియగానే వెనుక నుంచి అతడి మేనల్లుడు ఓబులేసు అందుకొన్నాడు.

"ఏంది మామా, నీ డప్పును ఎలకలు గొరికినాయా?"

అందరూ నవ్వారు. పిచ్చయ్య కూడా నవ్వబోయాడు.

"సేతిలో సత్తువ తగ్గిందిలేరా. మిషను పట్టుకోలా. దానికి సామేలు ఏం జేస్తాడు?"

తరువాత పాస్టరుగారి వైపు తిరిగి, ఇకమీదట డప్పుకు వేరే మనిషిని చూసుకొమ్మని నెమ్మదిగా చెప్పాడు. పాస్టరుగారు వారించలేదు. వయసైంది కదా అన్నారు. భోజనాలకు ముందు పాట మరొకసారి వేయమని నాకు చెప్పి ముందుకు సాగారు.

తన చేతినే నిందించుకొంటున్న ఆ మనిషి ముందు ఆ పాటను మళ్లీ అదే విధంగా వినిపించడం నా వల్ల కాలేదు. ఆపిన డప్పును తెరిచి పాట వేశాను.

మొదటి దెబ్బకే జనం వెనుదిరిగి చూశారు. పిల్లలు లేచి గంతులు వేశారు. ఎవరి కోసం ఇదంతా చేశానో ఆ వెంకటేశ్వర్లు గారు ఫోన్‌లో ఏదో చూసుకొంటున్నారు. ఇందాక కూడా అదే పనిలో ఉన్నారు. పిచ్చయ్య లేచి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇది ఉండిందా?"

"ఉండింది అన్నా."

"మరి ఇందాక?"

ఫిల్టర్‌ను గురించి వ్యాకరణయుక్తమైన వాక్యం ఒకటి నా వద్ద సిద్ధంగా ఉంది. అది నోటికి రాలేదు.

"నేనే ఆపినాను."

ఎందుకని అడుగుతాడనుకొన్నాను. అడగలేదు. నా చొక్కానూ, బూట్లనూ, పట్టణం నుంచి వచ్చిన అతిథుల కుర్చీలనూ ఒకసారి చూశాడు. అతడికి అర్థమైందని నాకు అర్థమైంది. సిగ్గుతో నా ముఖం మండిపోయింది.

"పాట కానీలే. జనం జూస్తన్నారు," అన్నాడు.

అని, వారివైపు వీపు పెట్టి నా బల్లకు అడ్డంగా నిలబడ్డాడు. పాట అయ్యేదాకా నా ముఖం ఎవరికీ కనబడలేదు. అతడి ముఖంలోకి నేనూ చూడలేదు.