బుజ్జికి తగిన పక్షి

నలభై దాటినా ఆమె అందరికీ బుజ్జే. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళకీ బుజ్జే, కింది అంతస్తులో కూరగాయలమ్మే ఆవిడకీ బుజ్జే. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చే మనిషి మాత్రం "బుజ్జిగారూ" అనేవాడు. గారు తగిలించినంత మాత్రాన ఆ పేరుకు పెద్దరికం ఏమీ రాలేదు. పేరు పెట్టింది అక్క. అమ్మానాన్నా పోయాక పేరునూ, పేరుగల మనిషినీ కూడా అక్కే కనిపెట్టుకుని ఉంది.

ఇద్దరిదీ మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. అక్క ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసేది. పొద్దున్నే డబ్బా సర్దుకుని వెళ్తే సాయంత్రానికి కాళ్ళీడ్చుకుంటూ వచ్చేది. బుజ్జి ముందుగదిలో, కిటికీ పక్కన మిషను వేసుకుని కూర్చునేది. వదులైన నడుములు బిగించడం, బిగుతైనవి వదులు చేయడం, పొడుగు ప్యాంట్లు కురచ చేయడం, ఊడిన జిప్పులు మార్చడం ఆమె పని. కోటు భుజాలు సరిచేయడంలో మాత్రం ఆ చుట్టుపక్కల ఆమెకు సాటి లేదు.

ఆ పనితనం చూసి ఒకసారి వేరే ఊరి నుంచి పెద్ద బట్టల షాపువాళ్ళు కబురు చేశారు. కటింగ్ అంతా నీ చేతికిందే పెడతాం, ఉండడానికి గది ఇస్తాం, రమ్మన్నారు. బుజ్జికి ఆ రోజంతా కాళ్ళు నేలమీద నిలవలేదు. సాయంత్రం అక్కకి చెప్పింది. అక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"వెళ్ళు బుజ్జీ, మంచి అవకాశం. నాదేముంది, గోడలతో మాట్లాడుకుంటాను" అంది. అని కళ్ళు తుడుచుకుంది.

బుజ్జి వెళ్ళలేదు. రానని షాపువాళ్ళకి ఫోన్ చేసి, మర్నాడు మామూలుగా మిషను ముందు కూర్చుంది. ఆ మాట తర్వాత ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు.

ఇది జరిగిన కొన్నేళ్ళకి, ఒక ఆదివారం భోజనాల దగ్గర అక్క ఉన్నట్టుండి, "మనం ఒక చిలకని పెంచుకుందామా?" అంది.

బుజ్జికి నవ్వొచ్చింది. "ఏంటక్కా ఇంత హఠాత్తుగా?"

"రోజంతా ఆ మిషను మోత తప్ప నీకు వినబడేది ఏముంది చెప్పు? ఏదైనా ప్రాణి ఉంటే బాగుంటుంది. పెద్దది కాదులే, చిన్న రకాలు చాలా ఉన్నాయట. మన బతుక్కి ఏది సరిపోతుందో చూసి తెచ్చుకుందాం."

అక్కకి ఏదైనా పట్టిందంటే అంతు తేలేదాకా వెతికే అలవాటు. ల్యాబు పని నేర్పిన బుద్ధి. ఆ రోజు నుంచి ఇంట్లో చిలకల మాటే. సాయంత్రం రాగానే ఫోను తీసి, చెప్పులైనా విప్పకుండా బుజ్జి పక్కన కూలబడేది.

"ఇదిగో, ఇవి బడ్జీలు. అరచేతిలో పడతాయి. రోజంతా కిచకిచలాడుతూనే ఉంటాయి. కానీ జంటగా పెంచితే వాటి లోకం వాటిదే, మనుషుల్ని పట్టించుకోవు."

"పట్టించుకోకపోతే ఏం? చూసుకుంటూ కూర్చుంటాను."

"అట్లా కాదు. నీ దగ్గరికి రావాలి, నీ భుజం మీద కూర్చోవాలి."

లవ్ బర్డ్స్ రంగులు చూసి బుజ్జి మోజుపడింది. పచ్చటి ఒళ్ళు, నారింజ రంగు మొహం, బొమ్మలకి ప్రాణం పోసినట్టున్నాయి. అక్క పెదవి విరిచింది. ముక్కుతో పొడుస్తాయట, కాగితం కనబడితే చీల్చి పోగులు పెడతాయట. "నీ కుట్టు కాగితాలన్నీ తోరణాలు కట్టేస్తాయి" అంది. కొన్యూర్ అనే ఇంకో రకం తెగ అల్లరి చేస్తుందనీ, దానితో ఆడుతూ కూర్చుంటే కుట్టుపని సాగదనీ కొట్టిపారేసింది. అంతకంటే చిన్నది, పిడికెడంత చిలక ఒకటుందట గానీ, దాని పొగరు ఏనుగంతట. ఇద్దరూ పడీపడీ నవ్వారు. చాలాకాలం తర్వాత ఆ ఇంట్లో అంత నవ్వు.

చివరికి తేలింది కాకటీల్. బూడిదరంగు ఒళ్ళు, పసుప్పచ్చ తల, తలమీద కుచ్చు, బుగ్గన ఎవరో వేలితో అద్దినట్టు నారింజ చుక్క. మెత్తటి స్వభావం. మనిషికి అలవాటుపడితే విడిచిపెట్టదు. ఈల నేర్పితే నేర్చుకుంటుంది.

"బాగా చూసుకుంటే ఇరవై ఏళ్ళు కూడా బతుకుతుందట" అంది అక్క. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు ఎందుకో తేలికపడింది.

బుజ్జికి ఒక్క సందేహం వచ్చింది. "దీని ఈకల నుంచి పొడి రాలుతుందని నువ్వే చదివావు కదక్కా. నీకు దుమ్ము పడదు. కాటన్ బట్ట కత్తిరిస్తేనే తుమ్ములతో ఇల్లు ఎగరగొడతావు."

"పర్వాలేదులే. నీకు నచ్చింది కదా, చాలు."

నా కోసం తుమ్ములు కూడా ఓర్చుకుంటానంటోంది అనుకునేసరికి బుజ్జికి కడుపు నిండిపోయింది. ఆ వారమంతా అక్కకి ఇష్టమైనవే వండింది. ల్యాబులో ఎవరో ఒకాయన కోటు భుజాలు జారుతున్నాయని అక్క తెచ్చిస్తే, చేతిలో ఉన్న పని పక్కన పెట్టి మరీ సరిచేసి, ఇస్త్రీ చేసి ఇచ్చింది.

పక్షుల షాపావిడతో మాటలన్నీ అక్కే మాట్లాడి వచ్చింది. చిలక పిల్లకి ఇంకా చేత్తో తినిపిస్తున్నారు, సొంతంగా గింజలు కొరకడం వచ్చాక కబురు చేస్తారు అంది. పంజరం ముందే వచ్చింది. అక్క దాన్ని మిషను దగ్గర పెట్టించింది. తన గదికి దూరంగా పెట్టుకుంటోంది పాపం, తుమ్ములకి భయపడి, అనుకుంది బుజ్జి.

కబురు వచ్చేసరికి అక్క డ్యూటీలో ఉంది. ఆమె ఎత్తకపోయేసరికి, అక్క ఇచ్చి వచ్చిన ఇంకో నంబరుకి షాపావిడ చేస్తే ఫోను బుజ్జి ఎత్తింది. సాయంత్రం అక్క వచ్చేసరికి చిలక ఇంట్లో ఉంటే ఎట్లా ఉంటుందో తలుచుకుని, చీర మార్చుకుని, షాపుకి తనే బయల్దేరింది.

సన్నటి సందులో ఉంది షాపు. లోపల అడుగుపెట్టగానే చెవులు గింగురుమన్నాయి. షాపావిడ పొట్టిగా, చలాకీగా ఉంది. రెండు గుప్పిళ్ళ మధ్య పిల్లని తెచ్చి బుజ్జి చేతిలో పెట్టింది. అది కుచ్చు నిక్కబొడుచుకుని ఒకసారి చూసి, మణికట్టు మీదుగా మోచేతి దాకా నడిచి అక్కడే ఒదిగిపోయింది.

"చూశారా, అప్పుడే ఇల్లు వెతుక్కుంది. మీ అక్కగారు సరిగ్గా చెప్పారు. ఒక్కరే ఉండేవాళ్ళకి దీన్ని మించింది లేదు" అంది షాపావిడ.

"ఒక్కరు కాదండీ. ఇద్దరం ఉంటాం."

షాపావిడ గింజలు పొట్లం కడుతూనే మాట్లాడింది. "ఇద్దరా? ఇద్దరైతే నేను వేరే పక్షి చెప్పేదాన్ని కదమ్మా. నేను అందరినీ అడుగుతాను, ఇంట్లో ఎంతమంది, పగలు ఎవరుంటారు అని. మా చెల్లెలు ఒక్కతే, పగలూ రాత్రీ ఇంటిపట్టునే ఉంటుంది, పలకరించే మనిషి ఉండదు అన్నారావిడ. దుమ్ము పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని కూడా అడిగాను. ఉంటే నేను కాకటీల్ ఇవ్వను. 'తుమ్ములు నాకే వస్తాయండీ, ఎంతోకాలం నేను అక్కడ ఉండనుగా' అన్నారు."

పొట్లం దారం బిగించి తలెత్తి చూసింది. బుజ్జి మొహం చూశాక ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"మీకు తెలుసనుకున్నానమ్మా" అంది మెల్లగా.

"తెలుసండీ" అంది బుజ్జి. ఆ అబద్ధం ఎందుకు ఆడిందో ఆమెకే తెలియదు. పరాయి మనిషి ముందు అక్క పరువు కాపాడడం ఎప్పటి నుంచో అలవాటు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చిల్లుల అట్టపెట్టెని ఒళ్ళో పెట్టుకుంది. లోపల చిన్న గోళ్ళు గీరుతున్న చప్పుడు. అక్క అన్న మాటలు ఒక్కొక్కటే వచ్చి ఎదురు కూర్చున్నాయి. నీ భుజం మీద కూర్చోవాలి. నీకు నచ్చింది కదా, చాలు. ఇరవై ఏళ్ళు బతుకుతుందట. 'మన బతుక్కి' అని మొదలుపెట్టిన మనిషి, ఆ తర్వాత 'మన' అన్న మాట మళ్ళీ ఎక్కడైనా అందా అని వెతుక్కుంది. ఎక్కడా దొరకలేదు. పడీపడీ నవ్విన ఆ సాయంత్రాలు కూడా ఇప్పుడు తనవి కావనిపించింది. నవ్విస్తూ నవ్విస్తూనే కొలతలు తీసుకుంది అక్క. తను కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళ నడుముకి టేపు చుట్టి, కబుర్లు చెబుతూ కొలతలు తీసుకున్నట్టే.

దిగాల్సిన చోటు దాటిపోయింది. వెనక్కి నడిచి వచ్చింది.

సాయంత్రం అక్క తలుపు తీసుకుని వచ్చి, పంజరం చూసి, "అయ్యో, తెచ్చేశావా! నన్ను రమ్మంటే..." అంటూ రెండడుగులు వేసి పెద్దగా తుమ్మింది. వెంటనే ఇంకోటి.

"ఎన్నాళ్ళు ఓర్చుకోవాలక్కా ఈ తుమ్ములు?" అంది బుజ్జి.

"ఏంటా మాట?"

"ఎప్పుడు వెళ్తున్నావు?"

అక్క కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వచ్చే నెల" అంది చివరికి. "మా ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఆయన... నువ్వు చూశావు, ఒకసారి వర్షంలో నన్ను దింపడానికి వచ్చి టీ తాగి వెళ్ళారు. ఆయనకి వేరే ఊళ్ళో పెద్ద ఆసుపత్రిలో పని దొరికింది. నాకూ అక్కడే ఉద్యోగం చూశారు. వెళ్ళేముందు రిజిస్టరు పెళ్ళి చేసుకుందామని..."

"నేను భుజాలు సరిచేసిన కోటు ఆయనదేనా?"

అక్క తల దించుకుంది.

బుజ్జికి అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కోటు మీద ఆమె పడ్డ శ్రమ అంతా కళ్ళముందు మెదిలింది. లోపలి గుడ్డ విప్పి, భుజం కింద మెత్త కొత్తది పెట్టి, కుట్టు కనబడకుండా చేత్తో వేసింది. ఎవరి పెళ్ళికో తెలిసి ఉంటే ఇంకా బాగా కుట్టేది. ఆ అవకాశం కూడా అక్క ఇవ్వలేదు.

"చెబితే నేను వద్దంటాననుకున్నావా?"

"వద్దనవని తెలుసు. అందుకే చెప్పలేకపోయాను. నువ్వు నవ్వుతూ సరే అంటావు. ఆ నవ్వు చూసి వెళ్ళగలనా నేను? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే రోజులు గడిచిపోయాయి. ముందు నీకు తోడు ఏదైనా ఏర్పాటు చేద్దామని..."

"ఏర్పాటా?" బుజ్జి గొంతు పెరిగింది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పెరగడం అదే మొదలు. పంజరంలో పిల్ల ఉలిక్కిపడి ఊచలకి అంటుకుపోయింది. "నువ్వు గోడలతో మాట్లాడుకోవాల్సి వస్తుందని నేను ఆగిపోయానక్కా. నా వంతు వచ్చేసరికి నాకు పిట్టని కొనిపెట్టావు. అదీ ఎంత బాగా వెతికావు! అల్లరి చేయనిది, పనికి అడ్డం రానిది, కదలకుండా కూర్చునే మనిషికి సరిపోయేది. షాపావిడకి చెప్పావు నేనొక్కదాన్నేనని. నాకంటే ముందు ఆవిడకి తెలిసింది."

"బుజ్జీ..."

"ఆ పేరుతో పిలవకు కాసేపు."

అక్క ఏడ్చింది. వద్దంటే పెళ్ళి మానేస్తానంది. ఆ మాట బుజ్జికి ఇంకా కోపం తెప్పించింది. మానేయమనే పాపం కూడా నా నెత్తినే పెడతావా అంది. అన్నం ఇద్దరూ తినలేదు.

నెల తిరిగేసరికి అక్క వెళ్ళింది. రిజిస్టరు ఆఫీసుకి బుజ్జి వెళ్ళింది, సాక్షి సంతకం పెట్టింది, ఫోటోలో నిలబడింది. ఎక్స్‌రే ఆయన మంచివాడే. "మీరు ఎప్పుడైనా వచ్చి మా దగ్గర ఉండొచ్చు" అన్నాడు మనస్ఫూర్తిగా. ఆ కోటు ఆయనకి అతికినట్టు సరిపోయింది. అందరూ మెచ్చుకుంటుంటే అక్క బుజ్జి వైపు చూడలేదు.

అక్క గది ఖాళీ అయ్యాక బుజ్జి ఒకరోజు పంజరం పట్టుకుని మెట్లు దిగింది. షాపులో తిరిగి ఇచ్చేద్దామనే. వీధి చివర దాకా వెళ్ళింది. ఊచల మధ్య నుంచి పిల్ల మెడ సాచి ఆమె వేలికి తల ఆనించి, గోకమని వంచింది. దీనికి ఏమీ చెప్పకుండా తీసుకెళ్ళి ఎవరి చేతిలోనో పెట్టి వచ్చేస్తే తనకీ అక్కకీ తేడా ఏముందనిపించింది. వెనక్కి వచ్చేసింది. ప్రేమతో వచ్చింది అనలేం. ఒళ్ళు మండుతూనే వచ్చింది.

అప్పట్లో రమ్మన్న బట్టల షాపువాళ్ళకి ఫోన్ చేస్తే, ఆ చోటు ఎప్పుడో నిండిపోయిందన్నారు. ఈ ఊళ్ళోనే కోట్లు కుట్టే ఒక షాపులో రోజుకి సగం పూట కత్తిరింపు పని దొరికింది. మధ్యాహ్నం ఆమె తాళం తీస్తున్న చప్పుడు వినగానే లోపల పిల్ల గోల మొదలుపెట్టేది. తలుపు తీసేసరికి రెక్కలు టపటపలాడించేది. పంజరం తెరిస్తే వచ్చి భుజం మీద వాలేది. అక్క వెతికి పెట్టిన పక్షి, అక్క చెప్పినట్టే ఉంది. అదే బుజ్జికి మింగుడుపడేది కాదు.

కొన్నాళ్ళకి అది ఈల వేయడం మొదలుపెట్టింది. బుజ్జి పనిలో పడి తెలియకుండా వేసే ఈలనే పట్టుకుని, మధ్యలో ఒక ముక్క వదిలేసి, మళ్ళీ మొదటికి వచ్చేది. ఆ రోజు ఆమె కత్తెర కింద పెట్టి చాలాసేపు విన్నది.

ఆదివారం అక్క ఫోన్ చేసింది. ప్రతి ఆదివారం చేస్తుంది. ఒంట్లో ఎట్లా ఉంది, పని ఎట్లా ఉంది అని అడిగాక, కాస్త తటపటాయించి, "అదెట్లా ఉంది? ఏమైనా ఈల నేర్చుకుందా?" అంది.

గదిలో అప్పుడే మొదలైంది ఈల. బుజ్జి ఫోను అరచేత్తో మూసి, బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"లేదక్కా" అంది. "ఇంకా ఏమీ నేర్చుకోలేదు."