నలుగురి ఎంగిలి

పొద్దుటి నుంచి ఇది మూడో అతుకు. ఇదీ వంకర పోయింది.

ఆమె వెల్డింగ్ ముసుగు పైకెత్తి, ఇనుప గేటుకేసి తల ఓరగా తిప్పి చూసింది. నేరుగా చూస్తే అక్కడ గేటు ఉండదు, చొక్కా గుండీ అంత నల్లమచ్చ ఉంటుంది. ఎటు చూస్తే అటు తయారవుతుంది ఆ పాడు మచ్చ. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్న మనిషి, షెడ్డులో చిన్నాపెద్దా అందరికీ అక్క. కళ్లు మూసుకుని కూడా అతుకేస్తుందని ఒకప్పుడు మెచ్చుకునేవాళ్లు. ఇప్పుడా మాట అన్నవాడిని కొట్టాలనిపిస్తోంది.

"చాల్లే అక్కా, ఆ గేటు వదిలెయ్," అంటూ మేస్త్రీ వచ్చి ఒక కవరు ఒళ్లో పడేశాడు. "రిపోర్టులొచ్చాయి. నీదీ, ఆ ముగ్గురిదీ. వంశపారంపర్యమట. పుట్టుకతోనే ఉందట మీ కళ్లలో. ఇక అడిగితే మీ అమ్మానాన్నల్ని అడగండి, యజమానిని కాదు."

"మా నాన్న డెబ్బై రెండేళ్లప్పుడు కూడా సూదిలో తనే దారం ఎక్కించుకున్నాడయ్యా!"

"అదంతా నాకు తెలీదు. కాగితం చెప్పిందే మాట."

రెండేళ్ల కింద యజమాని ముసుగుల్లోని నల్లద్దాలు మార్చాడు. పాతవి మందంగా ఉండేవి, కొత్తవి నాసిరకం. ఎంత పల్చనంటే, వాటిలోంచి అవతలి మనిషి మీసం కనిపించేది. ఏడాది తిరక్కుండానే వరసలో కూర్చునే నలుగురు వెల్డర్ల చూపు మధ్యలో మచ్చలు పడ్డాయి. నలుగురూ కలిసి లేబర్ ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నారు. నష్టపరిహారం ఇవ్వాల్సి వస్తుందని తెలిసేసరికి యజమానికి ఎక్కడలేని శాస్త్రజ్ఞానం పుట్టుకొచ్చింది. జన్యుపరీక్ష చేయిస్తానన్నాడు.

ఆ పరీక్ష ఎంత చక్కగా జరిగిందో ఆమెకు తెలుసు. భోజనాల వేళ మేస్త్రీ ఒక బకెట్లో పొట్లాలు తెచ్చాడు. ఒక్కో పొట్లంలో దూది చుట్టిన పుల్ల, పేరు రాసిన గొట్టం. పుల్లను బుగ్గలోపల రుద్ది, గొట్టంలో పెట్టి, గంటలోగా ఇవ్వాలన్నాడు. పరీక్షకు ముందు ఏమీ తినకూడదని పొట్లం మీద రాసి ఉంది. అప్పటికే నలుగురి నోళ్లలోనూ అన్నం ఉంది. ఇవాళ కుదరదంటే పూట కూలి కోస్తానన్నాడు మేస్త్రీ.

అప్పుడే గ్యాస్ కట్టర్ పనివాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. వాగుడుకాయ అని పిలుస్తారతన్ని. రేకులు కోసే పని ఆలస్యమై ఇంకా తినలేదు. హాజరు కార్డు ఒకరిది ఒకరు గుద్దేయడం, ఒకరి టోకెను మీద ఇంకొకరు పనిముట్లు తెచ్చివ్వడం ఆ షెడ్డులో మామూలే. ఇదీ అలాంటిదే అనుకున్నారు.

"ఎలాగూ నీ నోరు తెరిచే ఉంటుంది కదరా, ఈ నాలుగూ కానిచ్చెయ్," అంది ఆమె. అందరూ నవ్వారు. అతను నాలుగు పుల్లలూ నములుతున్నట్టు నటించి మరీ ఇచ్చాడు.

ఇప్పుడు కవరు పట్టుకుంటే ఆమెకు ఆ నవ్వు గుర్తొచ్చింది. ఆ జబ్బు ఉంటే గింటే వాడికే ఉంది.

సాయంత్రం నర్సింగ్ చదువుతున్న కూతురు రిపోర్టు రెండుసార్లు చదివింది. "ఇది రేచీకటితో మొదలయ్యే జబ్బమ్మా. ముందు పక్కచూపు పోతుంది, మధ్యచూపు చివరిదాకా ఉంటుంది. నీకు సరిగ్గా తలకిందులు, పోయింది మధ్యచూపే. ఇది నీ జబ్బు కాదు." మళ్లీ కాగితం మీదికి వంగి గట్టిగా నవ్వేసింది. "ఇది చూశావా? రెండో పేజీలో అట్టడుగున ఏం రాశారో!"

చదివి వినిపించింది. ఆమె నవ్వలేదు. మళ్లీ చదవమంది.

"రేపే ఆఫీసరుకు చూపించు," అంది కూతురు.

"ఇప్పుడు చూపిస్తే, అయ్యో పొరపాటైందని యజమాని దిద్దుకుంటాడు. దిద్దుకోనిస్తానా? విచారణలో అందరి ముందూ ప్రమాణం చెయ్యనీ. నా రెండు కళ్లూ తిన్నాడే వాడు! వాడు గుటకలు మింగడం నేను వినాలి."

మర్నాడు వాగుడుకాయను షెడ్డు వెనక్కి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది.

"అంటే నలుగురి జబ్బూ నేనొక్కడినే మోస్తున్నానన్నమాట," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "చీకటి పడితే సైకిలు ఎందుకు నడిపించుకుంటూ పోతున్నానో తెలిసింది," అన్నాడు. "నా పేరు చెప్పెయ్ అక్కా. మీ కేసైనా గెలుస్తుంది."

"నోర్ముయ్. నీ పేరు చెబితే ఆ సాయంత్రానికే నిన్ను గేటు బయట నిలబెడతాడు. కనిపించినన్నాళ్లూ పని చేసుకో. డాక్టరు దగ్గరికి మా అమ్మాయి తీసుకెళ్తుంది. వాడి సంగతి నేను చూసుకుంటా."

విచారణకు ముందు ఆ పదిరోజులూ వాగుడుకాయ నోరు విప్పలేదు. షెడ్డుకు షెడ్డే మూగబోయింది. ఆమె మాత్రం యజమాని ఎదురైతే తల వంచుకుని పక్కకు తప్పుకుంది. లొంగిందనుకున్నాడు. అనుకోనీ అనుకుంది.

విచారణ రోజున లేబర్ ఆఫీసులో బల్లకు అటు యజమాని, ఇటు నలుగురు వెల్డర్లు కూర్చున్నారు. అద్దాలు మార్చిన సంగతికి సాక్షిగా వచ్చిన వాగుడుకాయ ఆమె పక్కనే ఉన్నాడు. యజమాని నాలుగు రిపోర్టులూ, తను సంతకం చేసిన వాంగ్మూలమూ ఉన్న ఫైలును ఆఫీసరు ముందు పెట్టాడు.

"నమూనాలు ఎవరు తీశారు?" అడిగాడు ఆఫీసరు.

"మా డాక్టరు గారు సార్. నా కళ్లెదుటే. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, కూర్చోబెట్టి తీయించాను. అందులో అదే రాశాను."

"సార్, ఒక్కమాట," అంది ఆమె. "నాది కూడా ఆయన ఎదుటే తీశారేమో అడగండి."

యజమాని నవ్వాడు. "ముందు తీసిందే నీది. మరిచిపోయావా?"

ఆమె గుండెల్లో తీయగా ఏదో దిగింది. రెండేళ్లలో అంత హాయి ఎరగదు.

"నా రిపోర్టు రెండో పేజీలో అడుగున చిన్నక్షరాలున్నాయి సార్. నాకు కనపడవు. మీరు చదవండి."

ఆఫీసరు కళ్లజోడు సర్దుకున్నాడు. "నమూనా ఇచ్చిన వ్యక్తి పురుషుడు. ఫారంలో స్త్రీ అని ఉన్నది. సరిచూసుకోగలరు."

"ముగ్గురు పిల్లల్ని కన్నాను సార్," అంది ఆమె.

బల్ల చివర కూర్చున్న గుమాస్తా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. యజమాని కుర్చీ కిర్రుమంది.

"మోసం సార్! పచ్చి మోసం! వీళ్లు ఎవడి చేతో ఉమ్మించి ఇచ్చారు!"

"మీ కళ్లెదుటే తీశారు కదండీ? మీ డాక్టరు గారే కదా తీసింది? మధ్యలో ఎవరొచ్చి ఉమ్మారు?" అడిగింది ఆమె.

యజమాని గుటక మింగాడు. ఆమెకు వినిపించింది.

ఆఫీసరు అటూ ఇటూ చూశాడు. "ఇది ఎవరి నమూనా? నువ్వు చెప్పమ్మా." పక్కన వాగుడుకాయ సగం లేచాడు. ఆమె అతని మోకాలి మీద చెయ్యేసి బలంగా కూర్చోబెట్టింది.

"చెప్పను."

"చెప్పకపోతే మీ మీద కూడా కేసవుతుంది."

"రాసుకోండి సార్. మాది తప్పే. ఆరోజు మేం అన్నం తిన్నాం, అందుకని వేరేవాళ్ల చేత ఇప్పించాం. మళ్లీ మీ ముందే నలుగురం నోళ్లు తెరుస్తాం. మాతోపాటు ఆ ముసుగుల అద్దాలు కూడా పరీక్షకు పంపండి. కానీ మాది తర్వాత. ముందు ఆయన చెప్పింది రాయండి."

ఆఫీసరు కలం మూత తీశాడు. ఆ చప్పుడుతోపాటే బల్ల మీద ఆ వాంగ్మూలం ఫైలు అవతలికి జరగడం ఆమె విన్నది. నేరుగా చూస్తే నల్లమచ్చ తప్ప ఏమీ లేదు. చెయ్యి చాపి, ఫైలు మీద బలంగా మోపింది. అరచేతి కింద మెత్తటి వేళ్లు, రెండు ఉంగరాలు తగిలాయి.

"చెయ్యి తియ్," అన్నాడు యజమాని పళ్లు బిగించి.

ఆమె రెండో చెయ్యి కూడా తెచ్చి దానిమీద పెట్టింది.