నెకెసా వాళ్ళమ్మ

పిల్లల్ని వెంటేసుకుని పెద్ద దుకాణానికి రాకూడదని నలియాకాకి గుమ్మంలోనే అర్థమైంది. కానీ బూట్లు కొనాలంటే కాళ్ళు కావాలి, కాళ్ళు కావాలంటే పిల్లలు రావాలి. సోమవారం బడులు తెరుస్తున్నారు. కితాలె ఊళ్ళో ఉన్న తల్లులందరూ ఆ శనివారమే ఆ దుకాణం మీద పడ్డారు.

దాన్ని కట్టించినవాడెవడో గానీ, పిల్లల్ని బజారుకి తీసుకెళ్ళిన పాపాన పోయినట్టు లేడు. నూనె, సబ్బులు, మొక్కజొన్న పిండి పెద్దవాళ్ళ చేతికందే ఎత్తులో పెట్టించాడు. బిస్కట్లు, బొమ్మకార్లు సరిగ్గా నాలుగేళ్ళవాడి ముక్కు ముందు పెట్టించాడు. వఫులాకి నాలుగేళ్ళు. సరుకుల బండిలో కూర్చోమంటే నడుస్తానన్నాడు, నడవమంటే ఎత్తుకోమన్నాడు, ఎత్తుకుంటే దించమని కాళ్ళు తపతపా కొట్టాడు. ఒక పెరుగు డబ్బా మూత తీసి, నాకి, బుద్ధిమంతుడిలా మళ్ళీ అరలో పెట్టేశాడు. నలియాకా అటూ ఇటూ చూసి దాన్ని తన బండిలో వేసుకుంది.

"రెండు తగిలించు పిన్నీ, వాడే దారికొస్తాడు," అంది వాడి అక్క నెకెసా.

నలియాకా తగిలించలేదు. కన్నతల్లి కొడితే ఎవరూ తల తిప్పి చూడరు. పిన్ని కొడితే వీధంతా గుమ్మాల్లోకి వస్తుంది.

పిల్లల తండ్రి బరసాని పెళ్ళాడి ఆ ఇంటికి వచ్చి ఏడాదైంది. పిల్లల తల్లి పోయేనాటికి వఫులా ఇంకా పాకుతున్నాడు. ఆ వైపు తొలిబిడ్డ పుట్టగానే ఆడదాని పేరు మూలన పడుతుంది, ఆ బిడ్డ పేరుతోనే ఊరంతా పిలుస్తుంది. పోయినావిడ వీధి మొత్తానికి నెకెసా వాళ్ళమ్మ. కొత్తలో ఒకసారి టమాటాలమ్మే ముసలావిడ అలవాటు కొద్దీ నలియాకాని కూడా అలాగే పిలిచింది. నెకెసా చేతిలో బుట్ట కింద పెట్టేసింది. "నెకెసా వాళ్ళమ్మ చచ్చిపోయింది. ఈవిడ పేరు నలియాకా," అంది. ముసలావిడ నాలుక్కరుచుకుంది. మళ్ళీ ఎవరూ ఆ మాటెత్తలేదు. పిల్ల అన్నది నిజమే. నిజం కాబట్టే నలియాకాకి ఆ రాత్రి ముద్ద దిగలేదు.

బూట్ల దగ్గర నెకెసా ఒక కాలికి కొత్త బూటు తొడుక్కుంది. కాలు పెరగడానికి చోటుందా లేదా అని నలియాకా వంగి బొటనవేలి దగ్గర నొక్కి చూసింది. తల ఎత్తేసరికి వఫులా లేడు.

బిస్కట్ల వరసలో లేడు. బొమ్మకార్ల దగ్గరా లేడు. నలియాకా, వెనకే నెకెసా వరసలన్నీ వెతికారు. పిన్ని కదా, పట్టించుకోలేదు అని వీధి అనబోయే మాట నలియాకాకి ముందుగానే చెవిలో పడింది. కాసేపటికి ఆ మాట కూడా వినిపించకుండా పోయింది. పెరుగంటిన ఆ జిడ్డు చెయ్యి తన చేతిలోకొస్తే చాలనిపించింది.

అప్పుడు పైన మైకు గరగరమంది. "నెకెసా వాళ్ళమ్మ ఎక్కడున్నా వెంటనే గుమ్మం దగ్గరికి రావాలి. మీ బాబు మా దగ్గరున్నాడు."

నెకెసా ఉన్నచోటే ఆగిపోయింది. ఎవరితో వచ్చావని వాణ్ణి అడిగి ఉంటారు, వాడు నెకెసాతో అని ఉంటాడు, మిగతాది వాళ్ళే కలిపేసి ఉంటారు. నలియాకాకి పరుగెత్తాలని ఉంది. ఈ పిల్ల చూస్తుండగా ఆ పిలుపుకి పరుగెత్తాలంటే భయంగానూ ఉంది.

"తమ్ముడు దొరికాడు తల్లీ, పద," అంది. "వాళ్ళకి తెలీక అలా పిలిచారు."

పిల్ల వెనకే వచ్చింది.

గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుని వఫులా అరటిపండు తింటున్నాడు. "నెకెసా వాళ్ళమ్మ మీరేనా?" అని కాపలా అతను అడిగాడు.

ఔనంటే సరిపోయేది. "కాదు, నలియాకాని. వీడు మా పిల్లాడే," అంది.

అతను పిల్లాడికి అడ్డంగా జరిగాడు. "మేం వాళ్ళమ్మని పిలిచామమ్మా. రోజులు బాగాలేవు. ఆవిడ వచ్చేదాకా ఉండండి."

"ఆవిడ రాదు," అంది నలియాకా. చచ్చిపోయిందన్న మాట పిల్లల ముందు అనలేకపోయింది.

వఫులా రెండు చేతులూ చాచి, "పిన్నీ," అన్నాడు.

"విన్నారుగా, పిన్ని అంటున్నాడు," అని అతను మళ్ళీ మైకు అందుకున్నాడు. "నెకెసా వాళ్ళమ్మ..."

"ఇంక పిలవక్కర్లేదు," అంది నెకెసా. గొంతులో కోపం ఉంది, కళ్ళలో నీళ్ళున్నాయి. "నెకెసాని నేనే. నెకెసా వాళ్ళమ్మ ఈవిడే."

"మరి కాదంటుందేం?"

"నేనే అననివ్వలేదు."

అతను ఇద్దరి మొహాలూ చూసి పక్కకి జరిగాడు. నలియాకా వఫులాని ఎత్తుకుని, అంతమందిలో సిగ్గు లేకుండా ఏడ్చింది. వాడు అరటిపండు చేత్తో ఆవిడ బుగ్గలు తుడిచాడు.

నెకెసా తన కాళ్ళ వంక చూసుకుంది. ఒకటి కొత్త బూటు, ఒకటి వట్టి కాలు.

"పిన్నీ, రెండోది అక్కడే వదిలేశాం," అంది.

పిన్నీ అనే అంది. ఆ పిలుపు నలియాకాకి ఈసారి ఏ కొంచెమూ తక్కువగా వినిపించలేదు.