ఖాళీ రోడ్డు ఫోటో

ఆ ఆదివారం షికారుకి కారు తాళం నా చేతికి రావడానికి ఇంట్లో పెద్ద ఒప్పందమే జరిగింది. వెళ్ళేటప్పుడు నేను నడపాలి, వచ్చేటప్పుడు నాన్న. బస్సు డ్రైవరుగా జీవితమంతా గడిపి రిటైరైన మనిషికి పక్క సీట్లో కూర్చోవడమంటే శిక్ష. సగం దారి శిక్షకి ఒప్పుకున్నాడంటే అదే గొప్ప.

నాన్నకి చూపు మందగిస్తోందని అమ్మే నా చెవిన వేసింది. మొన్న కారు లోపల పెడుతూ గేటు స్తంభానికి రాసేశాడట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, స్తంభం వంకరగా కట్టాడని మేస్త్రీని తిట్టాడట. ఆ మేస్త్రీ పోయి చాలా ఏళ్ళయింది. కళ్ళ డాక్టరు దగ్గరికి పోదామంటే, రోడ్లు తనకి కళ్ళు మూసుకున్నా తెలుసంటాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడు కదా, అమ్మ ఆ మాట వదిలేసి నన్ను పట్టుకుంది. పిల్లి మెడలో గంట కట్టే పని ఎప్పుడూ నా వాటాకే వస్తుంది. మా ఇంట్లో ముక్కు మీద కోపం ఉన్నది నాకే.

తిరుగు ప్రయాణంలో స్టీరింగు ఆయన చేతికి ఇవ్వకూడదని ఇంటి దగ్గరే నిశ్చయించుకున్నాను. వెనక సీట్లో అమ్మా, ఏడో తరగతి చదివే నా కూతురూ ఉంటారు. దాన్ని మేం పిడుగు అంటాం. నిశ్చయమైతే ఉంది, నోరు పెగలాలిగా.

ఊరు దాటి పొలాల్లో పడేసరికి నాన్న కుడికాలు అక్కడ లేని బ్రేకుని తొక్కడం మొదలుపెట్టింది. గేరు మార్చమన్నాడు. మలుపులో హారన్ కొట్టమన్నాడు. గొర్రెలు అడ్డం వస్తే నేను ఆపిన పద్ధతి బాగాలేదన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయి, కెమెరా తీసి తాతయ్యకి ఇమ్మని పిడుగుతో చెప్పాను. మా ఆయన ముచ్చటపడి కొని, రెండుసార్లు వాడి అటకెక్కించిన కెమెరా అది. చేతులకి పని దొరికితే నోరు ఊరుకుంటుందని నా ఆశ.

ఏది నొక్కాలో పిడుగు చూపించింది. అంతే, ఇక నాన్నకి మా ధ్యాసే లేదు. అద్దం దించి పొద్దుతిరుగుడు చేను తీశాడు, కంచె మీద ఆరేసిన దుప్పట్లు తీశాడు, పొరపాటున నా చెవి తీశాడు. ఆ చెవి చూసి అమ్మ కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. నా కోపమూ దిగిపోయింది. ఇంత హాయిగా ఉన్న మనిషికి ఆ మాట ఎలా చెప్పాలి?

మధ్యాహ్నం ఒక మిట్ట మీద, చెట్టు నీడన ఆపి తెచ్చుకున్నవి తిన్నాం. ఇక అక్కణ్ణుంచి తిరుగు ప్రయాణమే. మిట్ట కింద రోడ్డు పొలాల మధ్య నుంచి తిన్నగా మా వైపే వస్తోంది. అమ్మా నేనూ గిన్నెలు సర్దుతుంటే నాన్న రోడ్డు అంచున నిలబడి ఒక ఫోటో తీశాడు.

"చూడమ్మా, నరపురుగు కూడా లేదు. ఇలాంటి రోడ్డు మీద బండి నడపాలి" అని, కెమెరా పిడుగు చేతిలో పెట్టి నేరుగా డ్రైవరు సీట్లోకి వెళ్ళిపోయాడు.

పొడుగు కాళ్ళకి చోటు చాలక సీటు వెనక్కి జరుపుకున్నాడు. అద్దం సరిచేసుకున్నాడు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. అమ్మ నా వైపే చూస్తోంది. ఒప్పుకున్న మాట తప్పుతున్నానని ఆయన అంటే ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

అప్పుడే ఒకాయన గడ్డిమోపులు కట్టిన సైకిలు తోసుకుంటూ మిట్టెక్కి వచ్చాడు. మమ్మల్ని చూసి ఆగి, చెమట తుడుచుకుని, తీసిన ఫోటోలో తాను పడ్డానా అని అడిగాడు. రోడ్డు మీద ఎవరూ లేనప్పుడు తీశానని నాన్న నవ్వుతూ చెప్పాడు. పిడుగు అప్పటికే ఫోటో తెరిచింది.

పడ్డాడు. రోడ్డుకి ఓ పక్కన కూడా కాదు, నట్టనడుమ, పిలిస్తే పలికేంత దూరంలో. ఒక చేత్తో సైకిలు పట్టుకుని రెండో చెయ్యి పైకెత్తి ఉన్నాడు.

"చెయ్యి కూడా ఊపాను. తమరు చూళ్ళేదనుకున్నా" అన్నాడు ఆయన. బాగా వచ్చిందని సంతోషపడి, వెళ్ళొస్తానని తన దారిన పోయాడు.

నాన్న కెమెరా తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన సర్వీసులో కోడిపిల్ల కూడా చక్రం కింద పడలేదని మా చిన్నప్పుడు వీధి వీధంతా చెప్పుకునేవాళ్ళు.

"నాకు రోడ్డే కనిపించింది" అన్నాడు నాన్న. "మనిషి కనిపించలేదు."

"నాన్నా..." అన్నాను.

ఆయన వంగి సీటుని నా కాళ్ళకి సరిపోయేంత ముందుకి జరిపాడు. అద్దం నా ఎత్తుకి తిప్పాడు. తాళం బండికే వదిలేసి దిగాడు. నేను గెలిచాననుకోవాలి. ఎవరి సొమ్మో లాక్కున్నట్టు ఏడుపొచ్చింది.

పిడుగుని ముందుకెళ్ళమని చెప్పి నాన్న వెనక తలుపు తీశాడు. అమ్మ సీటు మీదున్న సంచీ తీసి కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

"పెళ్ళయిన దగ్గర్నుంచి ఎక్కడికెళ్ళినా మీ వీపే చూశాను. ఇలా వచ్చి కూర్చోండి" అంది.

నాన్న వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. నేను కళ్ళు తుడుచుకుని, రోడ్డు మీద ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని బండి కదిలించాను.