వెళ్ళొస్తానన్న చొక్కాలు

నూకరత్నం ఇంట్లో బీరువా వెనక గోడ లేదు, లాబీ ఉంది. కంచుకోట ఆట మొదలయ్యేదాకా ఆటగాళ్ళు కాచుకుని కూర్చునే గది అది. మొన్నటిదాకా ఫోన్‌లో పట్టేది, ఇప్పుడు పట్టడం లేదు. ఆటలోంచి ఎవరైనా జారుకున్నప్పుడల్లా గది కాస్త పొడుగు సాగుతుంది. అలా సాగి సాగి పక్కింటి పెరడు దాటి శారదా నది గట్టు దాకా పోయింది. పక్కింటావిడ ఏమీ అనుకోవడం లేదు. చోటు దొరికింది కదా అని అందులో వడియాలు పెట్టుకుంటోంది.

కంచుకోట తుపాకుల ఆట. ఒకప్పుడు అనకాపల్లిలో ఫోనున్న ప్రతివాడూ అందులో ఎవడో ఒకణ్ణి కాల్చినవాడే. నూకరత్నం పగలు మందుల షాపులో మాత్రలమ్ముతుంది, సాయంత్రం కంచుకోటలో దెబ్బతిని పడ్డవాళ్ళని లేపుతుంది. అందుకే ఆటలో ఆమె పేరు మందులమ్మ. ఎవరి తూటాకి ఎవరు పడ్డా ముందు వినబడేది ఒకటే కేక: "మందులమ్మా, నాను పోనాను!" ఆ కేక వినబడితే చాలు, ఆమె కాళ్ళు నేల మీద నిలవవు. ఇంట్లో ఆమెని కేకేసి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు.

ఇప్పుడు కేకల్లేవు. చొక్కాలున్నాయి.

ఆటగాడు వెళ్ళిపోయినా అతని చొక్కా వెళ్ళదు. లాబీలోనే నిలబడి ఉంటుంది, లోపల మనిషి లేకుండా, చేతులు కాస్త ఎడంగా పెట్టుకుని. బస్సులో కిటికీలోంచి తువ్వాలు పడేసి సీటు ఆపినట్టు. ఎందుకంటే వెళ్ళినవాడెవడూ వెళ్తున్నానని చెప్పి వెళ్ళలేదు. ఆ మాట మనవాళ్ళ నోట రాదు. గడప దాటేవాడు "వెళ్ళొస్తా" అనాలి, ఉన్నవాళ్ళు "వెళ్ళి రా" అనాలి. కాబట్టి ఎవరూ వెళ్ళనట్టే లెక్క. లాబీ గుమ్మం మీద పచ్చదీపం కింద "నిండుగా ఉంది" అని రాసి ఉంటుంది.

ఆట మొదలవుతుంది. ఇటు చొక్కాలు, అటు చొక్కాలు. ఎదుటి చొక్కాలు మర్యాదగా గురి తప్పిస్తాయి, ఇవి మర్యాదగా పక్కకి కాలుస్తాయి. పొరపాటున ఒకటి పడితే నూకరత్నం పరుగెత్తుకెళ్ళి కట్టు కడుతుంది. కట్టు చొక్కాని దాటి నేలకి చుట్టుకుంటుంది. చొక్కా లేస్తుంది, బాగుందని కాలర్ ఊపుతుంది. తర్వాత ఆమె గెలిచిందని ఆకాశంలో బాణాసంచా కాలుతుంది. రోజూ ఆమే గెలుస్తోంది. గెలుపంటే అసహ్యం పుట్టింది.

నూకరత్నానికి ఒళ్ళు మండుతోంది. మోచేతుల దగ్గర మొదలై భుజాల దాకా సన్నటి నీలిమంట. షాపుకి వచ్చేవాళ్ళు చేతులు కాచుకుని, జ్వరం బిళ్ళలు తీసుకుని వెళ్తున్నారు.

ఆ మంటతోనే ఆమె కంపెనీ ఆఫీసుకి వెళ్తుంది. ఆఫీసు బెల్లం మార్కెట్లో ఉంది. బల్లలూ కుర్చీలూ బెల్లం దిమ్మలే. గుమ్మం ముందు జనం బారులు తీరి నిలబడ్డారు. అందరూ కొత్తవాళ్ళు. కంచుకోట ఆడాలని వచ్చారు, బొటనవేళ్ళు కదుపుతూ ఆత్రంగా ఉన్నారు. "ఖాళీ అయిందా అండీ?" అని వచ్చేపోయే ఈగల్ని కూడా అడుగుతున్నారు.

లోపల ప్రసన్నరావని పెద్ద అధికారి. ఆయన నవ్వు ముందొచ్చి కుర్చీలో కూర్చుంటుంది, ఆయన నెమ్మదిగా వెనకాల వస్తాడు.

"ఆటలో జనం పలచబడిపోతున్నారు," అంటుంది నూకరత్నం.

"లేదమ్మా. నిండుగా ఉన్నారు."

"అవి చొక్కాలు."

"అందులో ఒక్కరైనా వెళ్తున్నానని చెప్పారా?"

"వెళ్ళొస్తానన్నారు."

"మరి వస్తారు కదమ్మా."

"ఎప్పుడొస్తారు?"

"వెళ్ళేవాళ్ళని అలా అడక్కూడదు, అపశకునం. మా కంపెనీలో మర్యాద ఎక్కువ."

నూకరత్నం బల్ల మీద చెయ్యి వేస్తుంది. బల్ల కరిగి పాకమవుతుంది. ప్రసన్నరావు కంగారు పడడు. సొరుగులోంచి మరమరాలు తీసి, పాకంలో కలిపి ఉండలు చుట్టుకుంటాడు. ఒకటి ఆమెకీ ఇస్తాడు. ఇంత సిగ్గులేనితనం ఆమె ఎక్కడా చూడలేదు.

"బయట అంతమంది పడిగాపులు కాస్తన్నారు. ఆళ్ళని రానియ్యరా?"

"ఎక్కడికి రానిస్తామమ్మా, నిండుగా ఉంటే?" ఆయన ఉండ కొరుకుతాడు. "ఒక దారి ఉంది. చొక్కాలన్నీ ఒకే దారం మీద నిలబడ్డాయి. మొట్టమొదట వెళ్ళినవాడి దగ్గర దానికి ముడి ఉంది. ఆయన నోరు తెరిచి వెళ్తున్నానంటే దారం ఊడిపోతుంది, చోటు ఖాళీ అవుతుంది. మేము అడగలేం. మీరడుగుతారా?"

మొట్టమొదట వెళ్ళింది ఎవరని ఆమె అడగదు. సింహాద్రి. ఆమె జట్టులోవాడు. ఊరు చోడవరం. మనిషిని ఎప్పుడూ చూడలేదు, ఏళ్ళ తరబడి సాయంత్రాలు ఆ గొంతు మాత్రం ఆమె చెవిలోనే కాపురముంది. అందరికంటే ఎక్కువ సార్లు పడింది అతనే, ఆమె ఎక్కువ సార్లు లేపిందీ అతన్నే. అతను మాట తీసేసుకుంటే కొత్త మనుషులొస్తారు. కానీ లాబీలో అతని చొక్కా కూడా పోతుంది. ఆమె రోజూ దాని పక్కనే కూర్చుంటోంది, కాలర్ సర్దుతోంది, షాపు సంగతులు చెబుతోంది. చొక్కాతో కబుర్లు చెప్పుకునే బతుకు తెచ్చిపెట్టినందుకు అతని మీద మంట ఇంకో జానెడు లేస్తుంది.

చోడవరం రోడ్డు ఆ పూట చాపలా చుట్టి ఉంది. నూకరత్నం కాలితో తన్ని పరిచి, దాని మీద నడిచి వెళ్తుంది.

సింహాద్రి ఇంటి వసారా నిండా చెప్పుల జతలు. అన్నీ ఇంట్లోకి తిరిగి ఉన్నాయి. వీధరుగు మీద బక్కపలచటి మనిషి కూర్చుని ఉన్నాడు. అతని భార్య పైడితల్లి దీపం కుందిలో వత్తి వేస్తోంది.

"మందులమ్మా!" అంటాడు అతను. గొంతు అదే.

"అగ్గిపెట్టి కనబడ్డం లేదు. ఓపాలి చెయ్యియ్యి, వదినా," అంటుంది పైడితల్లి. నూకరత్నం మోచెయ్యి చాపుతుంది. పైడితల్లి ఆ మంటకే వత్తి అంటించుకుని, దీపం గూట్లో పెట్టి దణ్ణం పెట్టుకుంటుంది.

"ఎందుకెల్లిపోనావు?" నూకరత్నం కూర్చోకుండానే అడుగుతుంది.

"గోడల్లోంచి కనబడే కళ్ళు కంపెనీవోళ్ళు అమ్మకానికెట్టినారు కదా. ఆ కళ్ళు కొన్నోళ్ళు నాను ఏడ నక్కినా కాల్సీసినారు. మొదట్లో కోపమొచ్చీది. తరవాత అదీ రాలేదు. కోపం కూడా రాకపోతే ఇంక ఆటేటి?"

"ఆ ముక్క నాతో సెప్పొచ్చు కదా."

"నువ్వు బాధపడతావని."

"ఇప్పుడు పడ్డం లేదా?"

అతను తల దించుకుంటాడు. వెధవ తల, దించుకోవడం మాత్రం వచ్చు.

"చొక్కాల దారానికి ముడి నీ కాడే ఉందంట. ఎల్తన్నానను. నోరు తెరిసి అను. ఆ మాట అనిపించుకుని ఎల్దారనే ఒచ్చినాను."

సింహాద్రి గొంతు సవరించుకుంటాడు. "ఎల్త... ఎల్ల... ఎల్లొస్తాను," అంటాడు. అతని నోట్లోంచి ఒక చెప్పుల జత జారి వసారాలో పడుతుంది, ముక్కులు ఇంట్లోకి తిరుగుతాయి. ఆ వసారాలో ఉన్నవన్నీ అలా పడినవే. పెళ్ళిళ్ళలో, ఆసుపత్రుల్లో, అప్పుడప్పుడూ కలిసే స్నేహితుల దగ్గర అతను అన్న "వస్తా"లు. ఒక్కటీ అరగలేదు.

"దీపమెట్టిన ఏల ఆ మాటేటి వదినా!" పైడితల్లి చెవులు మూసుకుంటుంది. "తథాస్తు దేవతలు తిరిగే ఏల!"

నిజమే. ప్రహరీగోడ మీద ఒకాయన కాళ్ళు వేలాడేసుకుని చెరకు ముక్క నములుతున్నాడు. మెడలో పూలదండ వాడిపోయి ఉంది.

"ఆయనున్నాడనే ఇప్పుడనమంటన్నాను. మజ్జానం అంటే అది జరిగీదేనా?" నూకరత్నం మంట వసారా దూలాన్ని అందుకుంటోంది. "తూటా తగిలినప్పుడల్లా నాను పోనాను, నాను పోనాను అని ఊరు ఎగిరిపోయేట్టు అరిసీవోడివి. నిజంగా పోయినప్పుడు నోట్లో బెల్లంముక్క ఎట్టుకున్నావు. రావాలని లేనోడివి వస్తానని ఎందుకన్నావు? నాను నీ చొక్కాకి దుమ్ము దులుపుతూ కూకున్నాను. దానికి జలుబు సేత్తాదని కిటికీ మూసినాను. నాకేటి, మతి లేదా? నువ్వన్నావని కూకున్నాను!"

"మరేటనాలి? మర్యాద కదా."

"నీ మర్యాద మండిపోనూ."

చెప్పుల జతల్లో ఒకటి అంటుకుంటుంది. పైడితల్లి చెంబుడు నీళ్ళు పోసి ఆర్పి, ఏమీ జరగనట్టు వచ్చి కూర్చుంటుంది.

సింహాద్రి తడిసిన చెప్పుల జతని కాలితో పక్కకి జరుపుతాడు. తర్వాత, "ఆ ముడి నానొక్కడినే ఏసినానా, మందులమ్మా?" అంటాడు. "నాను ఎల్లొస్తానంటే నువ్వేటన్నావు?"

"ఎల్లి రా అన్నాను."

"ఆ రా నన్ను ఇప్పటికీ పీకుతానే ఉంది. ఇటు సూడు." కుడిచెయ్యి చూపిస్తాడు. అది మణికట్టు దగ్గర అనకాపల్లి వైపు తిరిగిపోయి ఉంది. "అన్నం కాడ కూకున్నా ఇది మీ ఊరేపే సాగుతాది. పైడితల్లే నాకు ముద్ద పెడతన్నాది." పైడితల్లి అవునని తలూపుతుంది. "నీ రా నువ్వు తీసీసుకో. నా వస్తా నాను తీసీసుకుంటాను."

నూకరత్నం ఇందుకు సిద్ధపడి రాలేదు. అతని చేత అనిపించాలని వచ్చింది, తను అనాలని కాదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. బుగ్గల దాకా రాకుండానే చుయ్యిమని ఆవిరైపోతాయి.

"ముందు నువ్వను," అంటుంది.

"ఇద్దరం ఒకేపాలి."

అతను లేచి నిలబడతాడు. అరుగు దిగి, వీధిలో నిలబడ్డ మనిషిలా ఆమెకి ఎదురుగా నిలబడతాడు. ఎవరి ఇంట్లోంచి ఎవరు వెళ్తున్నారో ఇప్పుడు చెప్పడం కష్టం.

"ఎల్తన్నాను," అంటాడు. "మరి రాను."

"ఎల్లు," అంటుంది నూకరత్నం. దాని వెనక 'రా' నాలుక చివరి దాకా వస్తుంది. పళ్ళు బిగించి మింగేస్తుంది. అది గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటూ దిగుతుంది.

గోడ మీదాయన చెరకుపిప్పి ఉమ్మేసి, "తథాస్తు," అని దిగి వెళ్ళిపోతాడు.

వసారాలో చెప్పులన్నీ ఒక్కసారి వీధివైపు తిరుగుతాయి. తిరిగి, టపటపా నడుచుకుంటూ అనకాపల్లి దారి పడతాయి. సింహాద్రి కుడిచెయ్యి తిన్నగా అవుతుంది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ ఉండగానే నూకరత్నం చెప్పుల వెనకాల నడుస్తుంది. వెళ్ళొస్తానని చెప్పదు. పైడితల్లి కూడా చెప్పమనదు.

లాబీలో చొక్కాలు కూలుతున్నాయి. గుండీ గుండీగా, చప్పుడు లేకుండా, ఈ చివర నుంచి నది గట్టు దాకా. సింహాద్రి చొక్కా అన్నిటికంటే ముందే నేల మీద ఉంది. ఆమె దాన్ని మడత పెట్టబోయి, మానేసి, దాని మీంచి దాటుతుంది. గది వెనక్కి లాక్కుంటోంది. "నా వడియాలు!" అని పక్కింటావిడ మొదటిసారి కోప్పడుతుంది.

పచ్చదీపం ఆరిపోతుంది. కొత్తవాళ్ళు బిలబిలా లోపలికొస్తారు. అందరి కాళ్ళకీ సింహాద్రి వసారాలో చెప్పులే. కొలత అందరికీ సరిపోయింది. నేత చీర కట్టుకున్న ఒక కొత్త మనిషి, క్యారేజీ చేత్తో పట్టుకుని, సింహాద్రి చోటు దగ్గర ఆగుతుంది.

"ఇక్కడెవరైనా ఉన్నారా అక్కా?"

నూకరత్నం ఆ చోటు వైపు చూస్తుంది.

"లేరు," అంటుంది. "కూకో."

ఆట మొదలవుతుంది. ఈసారి ఎవరూ మర్యాదగా గురి తప్పించరు. బూతులు, పరుగులు, నవ్వులు, దుమ్ము. ఎక్కడి నుంచో బతికున్న మనిషి ఎవరో కాల్చిన తూటా నూకరత్నం డొక్కలో దిగుతుంది. ఎంత నొప్పి. ఎన్నాళ్ళయింది. అందర్నీ లేపిన మనిషి నేల మీద వెల్లకిలా పడి, ఆకాశం బద్దలయ్యేట్టు అరుస్తుంది:

"నాను పోనాను!"

ఎవరో చెప్పులు టపటపలాడిస్తూ పరుగెత్తుకొస్తున్నారు. నేత చీర మనిషి ఆమె పక్కన మోకాళ్ళ మీద కూలబడి, క్యారేజీ మూత తీస్తుంది. గిన్నెలో అరచేతంత వసారా ఉంది. చెప్పులు లేవు, శుభ్రంగా ఊడ్చి ఉంది. గూట్లో నూకరత్నం మంటతో వెలిగించిన దీపం. సింహాద్రి తన కుడిచేత్తో తనే అన్నం కలుపుకుని తింటున్నాడు. తల ఎత్తి చూడడు.

కొత్త మనిషి ఆ దీపంలో వేలు ముంచి నూనె తీసి, గాయం మీదికి తెస్తుంది.

"మండుతాదక్కా."

"మండనీ," అంటుంది నూకరత్నం.