ఈస్టర్ నూనె

దేవదానం తాతకు మోకాళ్ళ నొప్పి అంటే ఇంట్లో నమ్మినవాళ్ళు లేరు. మిషన్ దవాఖాన జీపు తోలినన్నాళ్ళూ నొప్పి అన్న మాట ఎరగని మనిషి. ఈస్టర్ నాడు చీకటితో సమాధుల తోటలో ప్రార్థనకు అందరూ బయలుదేరుతుంటే మాత్రం మంచంలో ముడుచుకుని మూలగడం మొదలుపెట్టాడు. మనుమరాలు హెప్సిబా దుప్పటి కప్పి, పక్కన మంచినీళ్ళ చెంబు పెట్టి, కొవ్వొత్తుల సంచి తగిలించుకుని స్కూటీ ఎక్కింది. బండి వీధి మలుపు తిరిగేదాకా ఆ మూలుగు వినిపిస్తూనే ఉంది.

హెప్సిబా మనసంతా గేటు లోపల నిలబెట్టిన ఎర్ర కారు మీదే ఉంది. హసన్‌పర్తిలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తూ కూడబెట్టుకున్నదానికి తండ్రి ఫ్రాన్సిస్ కొంత కలిపితే కొన్న సెకండ్ హ్యాండ్ బండి. చూడటానికి చిన్నదే గానీ లోపల టర్బో ఇంజన్. కాలు కాస్త గట్టిగా ఆనిస్తే చాలు, వీపు సీటుకు అతుక్కుపోతుంది. వచ్చే ఆదివారం హైదరాబాద్ అవతల ఉన్న రేసు ట్రాక్ మీద దాన్ని తోలడానికి పేరిచ్చింది. ఫ్రాన్సిస్ ఒకటే షరతు పెట్టాడు.

"ఇంజన్ ఒక్కసారి మొరాయించినా బండి అమ్ముడే. మల్ల ఏడ్వొద్దు."

అందుకే ఇంజన్ ఆయిల్ దగ్గర ఆమె అంత తర్జనభర్జన పడింది. బండితో వచ్చిన పుస్తకంలో రెండు రకాలు ఉన్నాయి. మామూలు తిరుగుడుకు ఫైవ్ డబ్ల్యూ థర్టీ, ఎండలు కాసేచోట గట్టిగా తోలేవాళ్ళకు ఫైవ్ డబ్ల్యూ ఫార్టీ. ముందున్న అంకె ఎంత చిన్నదైతే చల్లటి ఇంజన్‌లో నూనె అంత చురుగ్గా పారుతుంది. వెనకున్న అంకె ఎంత పెద్దదైతే ఇంజన్ కాగాక అంత చిక్కదనం మిగులుతుంది. అంతవరకు అర్థమైంది, ఏది పోయాలో మాత్రం తేలలేదు. థర్టీ అయితే బండి తేలిగ్గా ఉరుకుతుంది, కానీ ట్రాక్ మీద కాగి కాగి నీళ్ళలా మారితే ఇనుముకు ఇనుము రాసుకుంటుంది. ఫార్టీ అయితే ఆ భయం తక్కువ, ఉరుకు కాస్త తగ్గుతుందేమోనని ఈమె దిగులు. ఖిలా వరంగల్ దగ్గర షెడ్డు నడిపే మజర్ విసుక్కోలేదు. "పండుగ అయినంక చెప్పు చెల్లె, ఏదంటె అది పోద్దాం" అన్నాడు.

ఇంట్లో రోజూ అన్నాల దగ్గర ఇదే ముచ్చట. దేవదానం తాత అంతా విన్నాడు, ఒక్క మాటా అనలేదు. మాట అనకుండా ఉండటం ఆయన తత్వం కాదు. ఆమె అప్పుడే అనుమానించాల్సింది.

ప్రార్థన ముగించుకుని హెప్సిబా అందరికంటే ముందు ఇంటికి వచ్చేసరికి తాత గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా నలుపు, ముఖమంతా నవ్వు. పక్కింటి యాకయ్య పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గోడ అవతలికి జారుకుంటున్నాడు. కారు ముందు చక్రాల కింద ఇటుకల మీద పలకలు పేర్చి ఉన్నాయి.

"తాతా, మోకాలు?"

"యేసయ్య లేచిండు, నేను లేస్తె తప్పా?" అని గొంతు తగ్గించాడు. "ఈస్టర్‌కు మనుషులకు కొత్త బట్టలు, బండికి కొత్త నూనె. దవాఖాన జీపుకు ఏటా గట్లనే చేసిన. డాక్టరమ్మను నెక్కొండ దాక తీస్కపోయి తీస్కస్తుంటి, ఒక్కనాడు ఆగలే."

"ఏ నూనె పోసినవ్?"

"మంచి మందంది. ట్వంటీ డబ్ల్యూ ఫిఫ్టీ. యాకయ్య కూరగాయల జీపుకు తెచ్చుకున్న డబ్బా. ఎండలు ముదురుతున్నయి బిడ్డా, పల్చటి నూనె ఆగదు. మీ నాయినకు చెప్పకు. ఇది నీకు పండుగ తోఫా."

బండి పుస్తకంలో ఆ రకం లేనే లేదు. అయినా హెప్సిబా, "మంచిగ చేసినవ్ తాతా" అంది.

పది గంటల ఆరాధనకు ఆమె, ఫ్రాన్సిస్ భోజనాల గిన్నెలు పెట్టుకుని కారులో ముందు బయలుదేరారు. తాతను నాయనమ్మ దీనమ్మ ఆటో ఎక్కించింది. కారు స్టార్ట్ చేయగానే లోపల ఎవరో చెంచాతో గిన్నె కొట్టినట్టు టకటక మోగి, కాసేపటికి సద్దుమణిగింది. హన్మకొండ చౌరస్తా దాటేసరికి బండి బస్తాలు మోస్తున్నట్టు గుంజసాగింది. అప్పుడు డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు బుగ్గ వెలిగింది.

"గదేంది?" అన్నాడు ఫ్రాన్సిస్.

"లైట్ డాడీ."

"లైటని నాకు కనవడ్తలేదా? ఇంజన్ బొమ్మ ఉన్నది దాని మీద."

ఒక్క ముక్క చెబితే కారు దక్కేది. తాత పండుగ మాత్రం అక్కడితో ముగిసేది. ఆమె గేరు మార్చింది. ఆరాధన అయ్యాక ఫ్రాన్సిస్ చర్చి మెట్ల మీదే బ్రోకర్‌కు ఫోన్ చేశాడు. రేపు పొద్దున వచ్చి చూస్తాడట.

మధ్యాహ్నం తిన్నాక హెప్సిబా తాత మంచం దగ్గరికి వెళ్ళింది. "మజర్ అన్న షెడ్డు దాక జర తోడు రా తాతా."

తాళం తిప్పింది. టకటక. తాత చెవి రిక్కించాడు.

"గీ సప్పుడేంది?"

"ఏ సప్పుడు?"

"నాకు చెవుడా? నూనె పైకి ఎక్కేదాక లోపల ఇనుము ఎండగ కొట్టుకునే సప్పుడు..." అంటూనే ఆగిపోయాడు. ఒళ్ళో ఉన్న చేతుల వైపు చూసుకున్నాడు. గోళ్ళ కింది నలుపు ఇంకా పోలేదు.

బండి కోట దారి పట్టాక తాత అడిగాడు.

"నీకు ఎర్కనేనా?"

"పొద్దటి సంది."

"మరి మీ నాయినకు చెప్పకపోతివి?"

"తోఫా గద తాతా."

"తోఫా అని ఇస్తె ఎలకల మందు తింటవా, పిచ్చిదానా!"

మజర్‌కు సెలవు శుక్రవారం గానీ ఆదివారం కాదు. వీళ్ళు రాగానే తప్పు ఎక్కడుందో చూపించే మిషన్ బండికి తగిలించి చూశాడు. ఇంజన్‌కు దెబ్బేమీ తగల్లేదు. వాల్వులు తెరుచుకునే వేళను నూనె ఒత్తిడితోనే ముందుకూ వెనక్కూ జరిపే అమరిక ఒకటి ఉంది, అది మందం నూనెతో బద్ధకించింది. అందుకే బుగ్గ.

"తాతా, మీ జీపు ఇంజన్ల సందులు పెద్దయి. ఆ నూనె దానికి మంచిదే. దీని సందులు సన్నం, అంత మందంది జల్ది దూరది."

"సరె. మరి ఎండకు?" తాత అంత తేలిగ్గా వదల్లేదు. "అది రోడ్డు మీద తిరుగుడు కాదాయె. ఆ గుండ్రంల కాలు తియ్యకుండ ఉరికిస్తది ఈ పిల్ల. మీ పల్చటిది ఆగుతదా?"

మజర్ హెప్సిబా వైపు చూశాడు. వారం రోజులుగా తేలనిది ఆమెకు అక్కడ, నూనె మరకల నేల మీద నిలబడి ఉండగా తేలింది. ముందున్న అంకె పుస్తకం చెప్పినంత చిన్నగానే ఉండాలి. వెనకున్న అంకె తాత భయపడ్డంత కాకపోయినా కాస్త పెద్దది కావాలి.

"ఫైవ్ డబ్ల్యూ ఫార్టీ పొయ్యి అన్నా. ఫిల్టర్ కూడ మార్చు."

పాత నూనెను శుభ్రమైన డబ్బాలోకి దించారు. కొత్తది తాతే పోశాడు, చుక్క బయట పడకుండా.

ఇంటికి రాగానే ఫ్రాన్సిస్ ఎదురొచ్చాడు. తాత కారు దిగుతూనే అందుకున్నాడు.

"ఒరేయ్, ఆ బుగ్గ వెలిగించింది నేను. పొద్దుగాల మందం నూనె పోసిన. ఇప్పుడు తీసి సరైంది పోసినం. బండిది తప్పు లేదు. అమ్ముడే అంటె ముందు నన్ను అమ్ము, ఎవడు కొంటడో చూస్త."

దీనమ్మ వంటింటి గడప మీద నుంచి అందుకుంది.

"అరిసెల పాకం దించే యాళ్ళకు నిన్ను పొయ్యి దగ్గరికి రానిస్తనా నేను? ముదిరితె దవడలు ఊడుతయి, లేతదైతె నూనెల విడిపోతది. పిల్ల బండి నువ్వెందుకు ముట్టినవ్?"

"ముట్టిన. ఐపాయె" అన్నాడు తాత.

ఫ్రాన్సిస్ స్వయంగా తాళం తిప్పి చూశాడు. టకటక లేదు, బుగ్గ లేదు. ఫోన్ తీసి, బ్రోకర్‌ను రేపు రావద్దన్నాడు. దించిన నూనెను వడగట్టి యాకయ్య తన జీపులో పోసుకున్నాడు. ఆ జీపు మర్నాడు మార్కెట్‌కు ఎప్పటిలాగే వెళ్ళింది.

ఆ తర్వాతి ఆదివారం ట్రాక్ మీద హెప్సిబా కంటే వేగంగా తోలినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆమె చూపు మాత్రం ఆయిల్ ప్రెజర్ ముల్లు మీదే ఉంది. మధ్యాహ్నం ఎండలో, చివరి చుట్టులో కూడా అది దిగలేదు. బయటికి రాగానే ఇంటికి ఫోన్ చేసింది. ఎత్తింది తాత.

"ముల్లు?" అన్నాడు.

"నిలవడ్డది."

"ఊ" అని ఫోన్ ఫ్రాన్సిస్‌కు ఇచ్చేశాడు.