పన్నెండో మైకు

నాకు కోపం ముక్కు మీదుంటుందని మా అక్క త్రివేణి అంటుంది. ఉండదా మరి! మల్లాపూర్‌లో ఆమె పనిచేసే కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా వాల్వు నాలుగు రోజులుగా కారుతోంది. ఇవాళ పన్నెండింటికి దాన్ని విప్పి కొత్తది బిగిస్తారట. అంతసేపు కూడా పని ఆపరట, లారీ లోడు పోవాలట. వాల్వు ఉన్న గదికి గోడ అవతలే ప్యాకింగ్ షెడ్డు. అందులో పద్దెనిమిది మంది ఆడవాళ్ళు బఠానీ ప్యాకెట్లు నింపుతుంటారు, మా అక్కతో కలిపి. గ్యాసు చిమ్మితే అందరికీ ఒక్కసారే చెప్పడానికి మైకులు పెట్టమని నన్ను ఉప్పల్ నుంచి పిలిపించారు. అక్క లేకపోతే ఆ పని ఒప్పుకునేవాణ్ణే కాదు.

మొత్తం పన్నెండు హారన్లు, గోడల మీద బిగించే గరాటా స్పీకర్లు. ఇంట్లో పాటల బాక్సులు కట్టినట్టు కడితే ఇక్కడ కుదరదు. ఆఫీసులో పెట్టిన ఆంప్లిఫయర్ నుంచి వంద వోల్టుల లైను ఒక్కటే ఫ్యాక్టరీ అంతా తిరుగుతుంది. ఆ లైను తిన్నగా హారన్‌కు తగలకూడదు, మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. దాని మీద పది, పదిహేను, ముప్పై అని వాట్లు రాసి ఉంటాయి. రొద ఉన్నచోట ఎక్కువకు కట్టాలి, లేనిచోట తక్కువకు. అన్నీ కలిపినా ఆంప్లిఫయర్ మోయగలిగినంతే ఉండాలి.

పదకొండున్నరకు స్విచ్ వేశాను. ఆంప్లిఫయర్ మీద లోపం ఉందని చెప్పే ఎర్ర లైటు వెలిగింది. ఒక్క హారన్ కూడా పలకలేదు.

"కాలిందా అన్నా?" అన్నాడు బిక్షపతి. అతను ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్, పొద్దుటి నుంచి నాతోపాటే వైర్లు లాగుతున్నాడు.

"నీ నోట్ల మన్నువడ! కాలలే. ఏడనో వైర్లు కల్సి లైను షార్టయింది. నువ్వు కట్టినవి ఏవేవి?"

"ఎనుక నాలుగు మైకులు."

మేనేజరు సత్యనారాయణమూర్తి గారు గడియారం చూసుకుంటున్నారు. "ఏమయ్యా ఉపేందర్, పన్నెండింటికి పలుకుతాయా లేదా? మెకానిక్కులు రెడీగా ఉన్నారు."

"పల్కకుంటే వాల్వు ముట్టకున్రి సార్."

"లారీవాడు ఆగడయ్యా!"

ఒళ్ళు మండిపోయింది. నోరు పారేసుకునే టైము కూడా లేదు. పరుగెత్తి లైనును మధ్యలో విప్పి చూస్తే ముందు ఎనిమిదీ పలికాయి. తర్వాత ఒక్కొక్కటే కలుపుకుంటూ పోయాను. తొమ్మిది, పది, పదకొండు బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది ప్యాకింగ్ షెడ్డుదే. నిచ్చెన వేసుకుని ఎక్కాను.

కింద నుంచి అక్క హారన్ వైపు వేలు చూపించింది. "తమ్మీ, మా మైకుకేమైంది? పల్కుతలేదేంది?"

"మీ మైకుకే రోగమున్నదక్కా. జర జరుగు."

మూత విప్పి చూద్దును కదా, ట్రాన్స్‌ఫార్మర్ లేదు! వంద వోల్టుల లైను నేరుగా హారన్‌లోకే పెట్టేశాడు. లైనులో పోయేదంతా ఇదొక్కటే మింగుతుంటే ఆంప్లిఫయర్ మొరాయించక ఏం చేస్తుంది?

"బిక్షపతీ! డబ్బ ఏదిరా?"

అతను సంచిలోంచి తీసి ఇచ్చాడు. "గింతంత డబ్బనే గదా అని..."

తిట్టాను. ఏమేం తిట్టానో ఇక్కడ రాయలేను. ట్రాన్స్‌ఫార్మర్ బిగించాను. షెడ్డులో బ్లోయర్ల హోరు ఎక్కువ కాబట్టి ముప్పై వాట్లకు కట్టాను. పన్నెండుకు నాలుగు నిమిషాలున్నాయనగా ఆఫీసుకు పరుగెత్తి స్విచ్ వేస్తే ఎర్ర లైటు ఆరింది. నేను "హలో" అంటే పన్నెండు హారన్లూ పలికాయి. హమ్మయ్య అనుకున్నాను.

పన్నెండూ ఏడు నిమిషాలకు వాల్వు దగ్గర బుస్సుమంది. ఘాటు ముక్కులో సూదిలా దిగింది. మేనేజరు గారు గేటు పక్కనున్న ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి మైకు అందుకున్నారు. నిజం చెప్పాలి, ఆయన గొంతు వణకలేదు. "గ్యాసు లీకైంది. పని వదిలేయండి. అందరూ మైకు దగ్గరికి రండి. మైకు దగ్గరికి రండి."

మాట గంటలా వినిపించింది. ముందు షెడ్లవాళ్ళు ఆఫీసు ఎదురుగానే ఉంటారు కాబట్టి మేనేజరును చూసి గేటుకు పరుగెత్తుకొచ్చారు. ప్యాకింగ్ షెడ్డు నుంచి మాత్రం ఒక్కరూ రాలేదు.

"నీ హారన్ పనిచేయలేదయ్యా!"

"చేసింది సార్! ముప్పై వాట్లు! చెవిటోళ్ళకు గూడ వినవడ్తది!"

మరి ఎందుకు రాలేదు? అప్పుడు గుర్తొచ్చింది అక్క మాట. మా మైకు! సారుకు మైకంటే చేతిలో పట్టుకునేది. మాకు మైకంటే గోడ మీద అరిచేది. నేనూ పొద్దుటి నుంచి అలాగే అంటున్నాను. వాళ్ళు రమ్మన్న చోటికే పోయి నిలబడ్డారు, నేను కట్టిన హారన్ కింద, గ్యాసు గోడ పక్కన.

ఆయన చేతిలోంచి మైకు లాక్కున్నాను. "అక్కా! ఓ త్రివేణక్కా! ఆడ నిలవడకున్రి! గేటు కాడికి ఉరుకున్రి! కొంగు తడిపి ముక్కుకు వెట్టుకోన్రి! గేటు! గేటు!"

వచ్చారు. దగ్గుతూ, కళ్ళు నలుపుకుంటూ వచ్చారు. లెక్కపెట్టాను. పదహారు. మళ్ళీ లెక్కపెట్టాను, పదహారే. అప్పుడు వచ్చింది అక్క, షెడ్డులో అందరికన్నా పెద్దదైన కౌసల్యమ్మను భుజం పట్టి నడిపించుకుంటూ.

అక్క కిటికీ దగ్గరికి రాగానే నోరు చేసుకున్నాను. "వాసనొస్తుంటె గూడ ఆడ్నే నిలవడ్తరా? మతి ఉన్నదా?"

అక్క కిటికీ ఊచ పట్టుకుని ఊపిరి కూడదీసుకుంది. "అందరు ఉరుకుదామనే అన్నరు తమ్మీ. నేనే ఆపిన. మా తమ్ముడు కట్టిన మైకు, దాని కిందికే రమ్మంటున్నరు, ఈడ మనకేం గాదు అని జెప్పిన."

నా చేతిలో మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆ మాట పన్నెండు హారన్లలోనూ వినిపించింది, ఖాళీ షెడ్డులో ముప్పై వాట్లతో.